అక్క లాప్‌టాప్‌కు ప్రాసెసర్ మార్చబోయిన రోజులు

ముందుగా ఒక ఒట్టు పెట్టుకోనివ్వండి. అనంతగిరి దేవుని మీద, మా అమ్మ చేతి సర్వపిండి మీద, అవీ చాలకపోతే అరిగిపోయిన నా రెండు మోకాళ్ళ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు తాండూరులోనూ వికారాబాద్‌లోనూ బాగానే ఉన్నారు, వాళ్ళు ఈ వాక్యం దగ్గరే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారని తెలుసు. పెట్టుకోనీండి. అబద్ధం అల్లడానికి మనసు నిమ్మళంగా ఉండాలి, నేనిప్పుడు మస్తు కోపంలో ఉన్నాను.

కోపానికి కారణం నా లాప్‌టాప్. పాతదే అయినా రాసుకోవడానికి, బ్యాంకు పనికి, పొద్దుటి పూట పేపరు చదవడానికి ఏనాడూ మొరాయించనిది, మొన్న ఉన్నట్టుండి తెర మీద ఒక నోటీసు అంటించుకుని కూర్చుంది. కొత్త సిస్టమ్ వేసుకోవాలట, కానీ నీ ప్రాసెసర్ దానికి తగదట. తగకపోతే మారుద్దాం, అదెంత పని అనుకుని వికారాబాద్ బస్టాండు దగ్గరి రిపేరు దుకాణానికి చంకన పెట్టుకుని పోయాను. అక్కడి మనిషి మూత కూడా విప్పకుండా వెనక్కి తిప్పి చూసి, "అంకుల్, దీనిల ప్రాసెసర్ బోర్డుకే అతికిచ్చి ఉంటది. తీయరాదు, పెట్టరాదు. కొత్తది తీస్కోండి," అన్నాడు.

ఎందుకు అతికించారయ్యా అని అడిగితే, "సన్నగ రావాలె గద," అన్నాడు.

"సన్నగ కావాలని నేనడిగిన్నా? నేనే సన్నగ లేను," అన్నాను. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బాగా నడుస్తున్న వస్తువును పట్టుకుని నీ కాలం చెల్లిందని చెప్పడం ఒక దుర్మార్గమైతే, బాగుచేసుకుందామంటే లోపలికి దారి లేకుండా మూసెయ్యడం దానికి మించిన దుర్మార్గం. ఇంటికి వస్తున్నంత సేపూ ఆటోలో పళ్ళు కొరుకుతూనే ఉన్నాను, ఆ కోపంలోనే, ఇన్నేళ్ళూ అడుగున అణిచిపెట్టుకున్న ఇంకో కోపం పైకి తేలింది. అది మా అక్క లాప్‌టాప్ గురించి.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పటి లాప్‌టాప్ ఇంత బిగదీసుకుని ఉండేది కాదు. బోర్లా పడుకోబెట్టి నాలుగు మరలు విప్పితే కడుపంతా కనిపించేది, ఫ్యాను పక్కకు తీస్తే దాని కింద ప్రాసెసర్ తన సాకెట్‌లో, గూట్లో దీపంలా కూర్చుని ఉండేది, పక్కనున్న చిన్న మరను సగం తిప్పితే వేలితో లేపుకోవచ్చు. ఆ రోజుల్లో నేను తాండూరులో మా బావ, అంటే మా అక్క భర్త నడిపే నాపరాళ్ళ పాలిష్ యూనిట్‌లో పని చేసేవాణ్ణి. పని అంటే లారీల వాళ్ళతో, కరెంటు వాళ్ళతో మాట్లాడడం, సరుకు ఎందుకు ఆలస్యమైందో కొనేవాళ్ళకు నమ్మేలా చెప్పడం. ఆ రెండో పనిలో నా అంత గట్టివాడు యాలాల్ నుంచి కర్ణాటక సరిహద్దు దాకా లేడని బావే ఒప్పుకునేవాడు.

లాప్‌టాప్ మాత్రం అక్కది. పెళ్ళికి ముందు బడిలో డ్రాయింగ్ చెప్పిన మనిషి, యూనిట్ ఆఫీసులో ఒక మూల ఇనుప కుర్చీ వేసుకుని, ఫంక్షన్ హాళ్ళకు, పెద్ద ఇళ్ళకు నేల మీద పరిచే డిజైన్లు గీసేది. నీలం బండను పసుపు బండను కలిపి ఏ ముక్క ఎక్కడ కోయాలో, ఏ ముక్క పక్కన ఏది అతకాలో అంతా తెర మీదే తేల్చేది. అందరూ నెమళ్ళు, తామరపూలు అడుగుతుంటే అక్క ఒకసారి అంచు పొడుగునా కంది పువ్వు గీసింది. మన చేలల్లో కార్తీకంలో చూస్తాం చూడండి, ఆ పసుపు, ఆ వంపు, అచ్చంగా అదే. పని చేసే మేస్త్రీలు కూడా మిషన్లు ఆపి వచ్చి చూసిపోయారు.

వికారాబాద్ దగ్గర కొత్తగా ఫంక్షన్ హాల్ కడుతున్న ఒక సేటు ఆ పువ్వును చూసి నిలబడిపోయాడు. "క్యా బాత్ హై. ఎవరు గీసిన్రు గిది?" అని అడిగాడు. అక్క అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, మౌస్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. బావ ఏమన్నాడో తెలుసా? "సాఫ్ట్‌వేర్ సాబ్. మా సాఫ్ట్‌వేరే గీస్తది," అన్నాడు.

బావ చెడ్డవాడు కాదు, అక్క పేరు దాచాలని అన్న మాటా కాదు. నిజంగానే అట్లా నమ్మాడు. అందుకే నాకు ఇంకా ఎక్కువ మండుతుంది.

సేటు తన హాలు కొలతలన్నీ పంపి, నేలంతా ఎలా ఉంటుందో నడిచి చూసినట్టు చూపించమన్నాడు. దానికి కొత్త రకం సాఫ్ట్‌వేర్ కావాలి, దాన్ని తెరిస్తే అక్క లాప్‌టాప్ ఎండలో పరుగెత్తిన ఎద్దులా రొప్పేది, గీత గీస్తే ఆ గీత కనపడేసరికి చాయ్ తాగి రావచ్చు. బావ విసుక్కుని, "ఇది ఇగ కాదు. హైదరాబాదోళ్ళకు ఇచ్చేద్దాం డ్రాయింగు పని. నువ్వు ఇంట్ల సుఖంగ ఉండు," అన్నాడు అక్కతో. సుఖంగ ఉండు అంటే ఆ కుర్చీలోంచి లే అని అర్థం. అక్క నా వైపు చూసి, "తమ్మీ, దీనికి ఏం చెయ్యరాదారా?" అంది. ఆ గొంతు విన్నాక నేను వెనకడుగు ఎట్లా వేస్తాను? ప్రాసెసర్ మారిస్తే గుర్రమైపోతుందని చెప్పాను.

ఇక్కడ తాండూరు పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర బండ పరిచేటప్పుడు ముందు ఉత్తి ఇసుక మీద పెట్టి చూస్తారు, రబ్బరు సుత్తితో పైన మెల్లగా కొట్టి మోత వింటారు, డొల్ల మోత వస్తే సరిగ్గా కూర్చోలేదని, గట్టి మోత వస్తే కూర్చుందని. కూర్చుందంటే ఇక ఆ బండకు తిరుగు లేదు, తరాలు నడిచినా కదలదు. ఆ ఊళ్ళో పెరిగి, ఆ దుమ్ము పీల్చినవాళ్ళం కదా, ప్రాసెసర్‌ను కూడా మేమిద్దరం బండలాగే చూశాం. పాతదాన్ని లేపి, దాని పిన్నుల వరసను ఫోటో తీసుకుని సికింద్రాబాద్‌లో పాత సామాను అమ్మే దుకాణానికి పోయాను. దుకాణదారు ఫోటో చూసి, అడుగున అదే పిన్నుల వరస, రెండింతలు వేగమున్న ప్రాసెసర్ చేతిలో పెట్టి, "సైజు సేమే. బరాబర్ కూసుంటది," అన్నాడు. కూసుంటదనే కదా మాకు కావలసింది.

అసలు అడగాల్సిన ప్రశ్న అది కాదని తరువాత తెలిసింది. సాకెట్ సరిపోవడం అంటే గుమ్మంలో తల తగలకపోవడం మాత్రమే. బోర్డు మీది చిప్‌సెట్ దాని వేగాన్ని అందుకోగలగాలి, ఫ్యాను దాని వేడిని మోయగలగాలి, అన్నిటికన్నా ముందు బోర్డులో ఉండే బయాస్ అనే ద్వారపాలకుడికి దాని పేరు తెలిసి ఉండాలి. ఆ బోర్డు ఏయే ప్రాసెసర్లను ఒప్పుకుంటుందో చూసుకుని కొనాలి. మేము పిల్ల ఎత్తు, పిల్లవాడి ఎత్తు కొలిచి, ఇంటిపేరు అడగకుండా ముహూర్తం పెట్టుకున్నాం. ఈ సంగతి అమ్మేవాడు చెప్పొచ్చు కదా? చెప్పడు. చెబితే సరుకు పోదు.

తిరుగు ప్రయాణంలో ఒక వింత జరిగింది. వికారాబాద్ స్టేషన్‌లో రైలు ఆగితే సీతాఫలాలు కొందామని కిటికీలోంచి చెయ్యి చాచాను. ఎక్కడి నుంచి దిగిందో ఒక ముసలి కోతి, నా జేబులోని ప్రాసెసర్ డబ్బాను లాక్కుని ఎదురు సీటు మీద కూర్చుంది. మూత తీసింది. ప్రాసెసర్‌ను రెండు వేళ్ళతో ఎత్తి, పిన్నుల వైపు తిప్పి, వెలుతురుకు పెట్టి చూసింది. కొరకలేదు. నా మొహం ఒకసారి, ప్రాసెసర్ మొహం ఒకసారి చూసి, మళ్ళీ డబ్బాలో పెట్టేసి, నా చేతిలోని సీతాఫలం తీసుకుని పోయింది. ధారూర్ దాటేదాకా డబ్బా నా గుప్పిట్లోంచి వదల్లేదు. ఆ ప్రాసెసర్ మాకు పనికిరాదని మొట్టమొదట తేల్చింది ఆ కోతే, చదువుకున్నవాణ్ణి నాకే అర్థం కాలేదు.

మర్నాడు ఆఫీసు బల్ల మీద, అక్క ఒక పక్క బావ ఒక పక్క నిలబడి ఉండగా, కొత్త ప్రాసెసర్‌ను సాకెట్‌లో పెట్టాను. పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నట్టు కూర్చుంది. మర తిప్పాను, ఫ్యాను బిగించాను, బటన్ నొక్కాను. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది, తెర మాత్రం నల్లగా అట్లాగే ఉండిపోయింది. రెండుసార్లు విప్పి మళ్ళీ పెట్టాను, అదే నలుపు. దుకాణదారుకు ఫోన్ చేద్దామంటే కోత మిషన్ల మోతలో ఏమీ వినపడదు, అందుకని రోడ్డు మీదికి పోయాను. "మళ్ళ పాతదే పెడదాం, దేన్నీ ముట్టకుండ్రి," అని చెప్పే పోయాను. అక్క సాక్షి.

ఫోన్‌లో అతనితో నేను కొట్లాడుతున్న కాసేపట్లో బావ తనకు వచ్చిన వైద్యం చేశాడు. నేను తిరిగి వచ్చేసరికి మేకుకు వేలాడాల్సిన రబ్బరు సుత్తి ఆయన చేతిలో ఉంది, ఫ్యాను తీసి పక్కన పెట్టి ఉంది, మనిషి మొహంలో ఒక నిబ్బరం.

"జరంత లేసున్నదయ్యా బామ్మర్ది. ఇప్పుడు కూసున్నది. మోత సూడు," అన్నాడు.

"బండనా అది?" అంది అక్క. గొంతు పెద్దగా లేవలేదు. "చెప్తనే ఉన్న, ఇన్నరా?"

"మనది బండల దుకాణమే. నువ్వూకో."

బోర్డు అడ్డంగా పగిలింది. వెంట్రుకంత చీలిక, వేలితో తడిమితే తప్ప తెలియనంత సన్నం. పాత ప్రాసెసర్ తిరిగి పెట్టినా ఆ తెర ఇక వెలగలేదు. నేను నోటికొచ్చింది అన్నాను, బావ కూడా అన్నాడు, పిన్నులు లెక్కబెట్టి తెచ్చిన మొగోడివి నువ్వే కదా అన్నాడు. మా ఇద్దరి అరుపుల మధ్య అక్క డ్రాయర్‌లోంచి తెల్ల కాయితాలు, స్కేలు తీసి బల్ల మీద పెట్టింది. "లొల్లి ఆపుండ్రి. కొలతలు నాకు యాదికున్నయి. కాయితం మీద గీసిస్త, సేటుకు పంపుండ్రి," అంది.

బావ నవ్వాడు. ఎగతాళి కూడా కాదు, పిల్లల మాటకు నవ్వినట్టు నవ్వాడు. "సాఫ్ట్‌వేర్ లేంది నువ్వెట్ల గీస్తవే?"

పగిలిన బోర్డులు, వెలగని తెరలు, మోసపు దుకాణాలు అన్నిటినీ క్షమిస్తాను గానీ ఆ ఒక్క మాటను ఈ రోజుకీ క్షమించలేదు. ఇది రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. అక్క కాయితాలు మళ్ళీ డ్రాయర్‌లో పెట్టి, పిల్లలు బడి నుంచి వచ్చే వేళయిందని ఇంటికి పోయింది.

కొన్నాళ్ళకు బావ హైదరాబాద్ పోయి కొత్త లాప్‌టాప్‌తో దిగాడు. ఎవరికీ చెప్పకుండా ఆ మూల బల్ల మీద పెట్టి, ఇంటికి పోయి అక్కను వెంటబెట్టుకొచ్చి, మేస్త్రీలందరి ముందు ఆ ఇనుప కుర్చీ ముందుకు లాగి, "కూసో. మిషన్ గీయదు, నువ్వే గీస్తవని నాకు తెలువకపాయె," అన్నాడు. కుల్కచర్ల నుంచి కర్ర పట్టుకుని బండలు కొనడానికొచ్చిన ఒక ముసలాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. సేటు హాలు అంచు పొడుగునా కంది పువ్వు పూసింది.

ఇప్పుడు బావ పనులన్నీ కొడుకుకు అప్పజెప్పాడు, డిజైన్లు ఫోన్‌లోనే వస్తున్నాయి, కంప్యూటర్‌తో బండ కోసే మిషన్లు వచ్చాయి, లాప్‌టాప్‌లు వేలి మందాన తయారయ్యాయి. ఆనాడు మూత విప్పితే లోపల ఏముందో చూసి, తెలియక పాడు చేసుకుని, ఎవరి వల్ల పాడైందో వేలు పెట్టి చూపించి తిట్టుకునేవాళ్ళం. ఈనాడు పాడు చేసుకునే హక్కు కూడా మనకు లేదు. తిడదామంటే ఎదురుగా మనిషి లేడు, తెర మీద ఒక నోటీసు ఉంది, దాని కింద సరే అని ఒకటే బటన్. బావతో కొట్లాడినట్టు దానితో ఎట్లా కొట్లాడను? సుత్తి పట్టుకున్న చెయ్యి కనీసం మనవాళ్ళ చెయ్యే.

ఒట్టు పెట్టి మొదలుపెట్టాను కాబట్టి లెక్క తేల్చిపోవాలి. మీరు కోతి దగ్గర అనుమానపడి ఉంటారు. కోతి నిజం, నన్ను చూసిన చూపు కూడా నిజం. నేను కల్పించింది కొత్త లాప్‌టాప్, బావ లాగిన కుర్చీ, కుల్కచర్ల ముసలాయన కన్నీళ్ళు. అవేవీ జరగలేదు. డ్రాయింగు పని హైదరాబాదోళ్ళకే పోయింది, అక్క మళ్ళీ ఆ ఆఫీసు మెట్లెక్కలేదు, ఆ కుర్చీ మీద ఎవరెవరివో హెల్మెట్లు పెట్టేవాళ్ళు. ఈ మధ్య మా చుట్టాల పెళ్ళి ఆ సేటు హాల్లోనే అయితే అందరం పోయాం. నేలంతా నెమళ్ళే. బఫే ప్లేటు పట్టుకుని నా పక్కన నిలబడి, పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, కందిపప్పు ధర అన్నీ మాట్లాడింది అక్క, తిన్నంత సేపూ కిందికి ఒక్కసారీ చూడలేదు.