చెవి వెనుక నా మడమ

నేను చెప్తుంటే మా బిడ్డ రాస్తుంది. నాకు సంతకం ఒక్కటే వస్తది, అదీ వంకరగ.

మా ఆయన ఫిల్మ్ నగర్ల ఒక షెడ్డుల బొమ్మలు చేసేటోడు. సినిమాలకు దేవుండ్లు, దయ్యాలు, ఏనుగులు, తెగిన తలకాయలు, ఏదడిగితే అది. ఆఖరుకు చేసింది మాత్రం సినిమాకు కాదు. ఊరవతల కొత్తగ కడ్తున్న ఆటల పార్కుకు ఒక పెద్ద జంతువు. అండ్ల రోలర్ కోస్టర్ ఉంటదట. జనం కూసున్న బండి చీకటి గుహలకు పోంగనే, ఈ జంతువు మోటార్ల మీద మెడ తిప్పి, నోరు తెరిచి మీదికొస్తదట. అన్నం తినుకుంట గూడ దాని ముచ్చటే. మొత్తం అయినంక నన్ను బండి ఎక్కిస్త అనేటోడు.

ఒకనాడు గిన్నెల పీవోపీ, అచ్చులు తీసే తెల్ల పిండి, కలుపుకొని నా ముంగట కూసున్నడు.

"ఏమే, నీ కాలు జర ఇటియ్యి."

"నా కాలెందుకు?"

"జంతువు చెవి వెనుక తోలు కుదురుతలేదు. నీ మడమ అచ్చు తీసి పెడ్త."

"సిగ్గు లేదా? నేను జంతువు లెక్క కనబడ్తున్ననా?"

"జంతువుకు గింత మంచి తోలు ఏడిది? ఇది పని చేసిన తోలు."

నవ్వొచ్చింది, కోపమొచ్చింది. జూబ్లీహిల్స్ల రెండిండ్లల్ల బండలు తుడిచీ తుడిచీ నా మడమలు ఎండిన చెరువు తీరుగ పగిలినయి. ఆయన కొబ్బరినూనె రాసి, పీవోపీ మెత్తిండు. ముందుగాల సల్లగుండె, గట్టిపడుకుంట ఎచ్చగైంది. పెండ్లిల మట్టెలు తొడిగినప్పుడు నా కాలు పట్టుకున్నడు. మల్ల ఈ అచ్చు తీసినప్పుడే.

"ఎడమ చెవి వెనుక. యాదుంచుకో," అన్నడు.

నెల తిరగకముందే ఛాతీల నొప్పని గోడకు ఒరిగి కూసున్నడు, మల్ల లేవలే. అందరు కూడి నా మట్టెలు తీసిన్రు.

అటెన్క కొన్నాళ్లకు షెడ్డు మేస్త్రి ఫోన్ జేసిండు. "వదినా, రేపు పొద్దుగాల జంతువు పోతుంది. గుమ్మడికాయ కొడ్తున్నం. నువ్వు రాకుంటె ఎట్ల? అన్న పని అది."

సినిమా పనోళ్లకు పని అయిపోయిన దినం గుమ్మడికాయ కొట్టుడు అలవాటు. పోయిన. గేటు కాడిదాక పోయి, కాళ్లు ఆగినయి. లోపల కర్పూరం వెలిగిచ్చిన్రు. మట్టెలు లేని కాలుతోని శుభం కాడికి ఎట్ల పోతరు? నన్నెవ్వరు ఆపలే, అది గూడ రాయి బిడ్డా. నేనే ఆగిన.

మేస్త్రి చెయ్యి ఊపిండు. "లోపలికి రా వదినా! ఒక్కసారి ముట్టి పో!"

"తియ్యి, పార్కు తెరిచినంక టికెట్ కొనుక్కొని చూస్త," అన్న.

లారీ నా ముంగట్నుంచే పోయింది. తలకాయ మీద నీలం పట్టా కప్పి తాడుతోని బిగగట్టిన్రు. పట్టా గాలికి ఒక్కపారి లేస్తదేమో అని చెక్‌పోస్టు మలుపు దాక ఎనుకనే నడిచిన. లేవలే.

తర్వాత మేస్త్రిని అడిగిన, పార్కుల దగ్గరికి పోయి ముట్టనిస్తరా అని. ఆయన నా మొకం జూడలే. "మూడంతస్తుల మీద బిగించిన్రు వదినా. ఎవ్వరికి అందది. బండి రెప్పపాటుల దాటుతది." ఆనాడు గేటు కాడ పది అడుగులు ఏసి ఉంటే మా ఆయన చేతులు పెట్టిన జాగల నా చెయ్యి పెట్టేదాన్ని. పది అడుగులు గూడ లేవు.

ఇప్పుడు చెక్‌పోస్టు కాడ పెద్ద బోర్డు పెట్టిన్రు, జంతువు నోరు తెరిచి ఉంటది. పనికి పోంగ రోజూ చూస్త. ముంగటి మొకమే కనబడ్తది, చెవి ఎనుక కనబడది. దసరాకు తెరుస్తమన్నరు, సంక్రాంతికన్నరు. ఇప్పుడు ఎండాకాలం అంటున్నరు. బీపీ ఉన్నోళ్లను బండి ఎక్కనియ్యరట. నాకు లేదని చెప్త. ఎడమ దిక్కు కూసుంట. అందరు భయానికి కండ్లు మూస్తరు గద, నేను మూయ.

పనిచేసే ఇంటామె మొన్న నా కాళ్లు జూసి మడమలకు క్రీమ్ ఇచ్చింది. మంచిదే, వాసన గూడ మంచిగుంది. కిటికీల పెట్టిన, పూస్కుంటలేను. పార్కు తెరిచేదాక ఇవి ఇట్లనే ఉండాలె. రెప్పపాటుల పోల్చుకోవాలె గద.