సమ్రువై చెయ్యి

దోమలకు సమ్రువై అంటే మహా ఇష్టం. పదిమంది కూర్చున్న చోట అందరినీ వదిలేసి ఆవిణ్ణే వెతుక్కుంటూ వస్తాయి. త్రాంగ్ పట్నంలో దోమల మందులు పరీక్షించేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి? ఏ కొత్త మందొచ్చినా "పిన్నీ, నీ చెయ్యి కావాలి" అని కబురు. చేతికి మందు రాసి, అరగంటకోసారి దోమల పెట్టెలో పెట్టించి, మొదటి కాటు ఎప్పుడు పడుతుందో చూస్తారు. అవి అక్కడే పెంచిన దోమలు, రోగాలు లేనివి. అయితే మాత్రం దురద పుట్టదా? పుట్టినా గోకకూడదు. గోక్కోకుండా కూర్చోవడమే ఆవిడ పని.

ఆవేళ మాత్రం కూర్చోలేకపోతోంది. పొద్దున్నే చేతికి రాసింది కూతురు ఉరై కాచిన నిమ్మగడ్డి నూనె మరి! మధ్యాహ్నం అన్నాలవేళ దాకా దోమల్ని ఆపితే దుకాణాల్లో అమ్ముకోవడానికి అనుమతిస్తారు. ఉరై తలుపు దగ్గర నిలబడి గోళ్ళు కొరుకుతోంది.

"కదలకు పిన్నీ! కుర్చీలో చీమలున్నాయా ఏంటి?" అంది పరీక్ష చేసే వరిసా.

"నీ చెయ్యి పెట్టి చూడు, తెలుస్తుంది!"

ఎన్నిసార్లు పెట్టినా ఒక్క దోమా వాలలేదు. ఉరై మొహం విప్పారింది. ఇంకొక్కసారి పెట్టి తీస్తే గట్టెక్కినట్టే.

ఆ ఆఖరిసారే చుర్రుమంది. ముంజేతి అడుగున, వరిసాకి కనపడని చోట. కాటు పడితే చెప్పాల్సింది చెయ్యి పెట్టినవాళ్ళే. సమ్రువై పెదవి కొరుక్కుని కూతురి వంక చూసింది. నూనె కాచికాచి ఆ పిల్ల అరచేతులు బొబ్బలెక్కాయి. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?

అల్లుడు ప్రసిత్ గుర్తొచ్చాడు. రోజూ తెల్లవారకముందే ఈ నూనె రాసుకుని రబ్బరు తోటకి పోతాడు. పోయినేడు మలేరియాతో మంచం పట్టి, చచ్చి బతికాడు. "ఇది ఉండగా పనయ్యేదాకా భయం లేదత్తా" అని మురిసిపోతాడు, పిచ్చి నాయన.

"కుట్టింది!" అని అరిచేసింది.

"ఒక్క నిమిషం నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదే అమ్మా?" అంది ఉరై.

"నేను మూసుకుంటానే. తోటలో దోమ మూసుకుంటుందా?"

ఉరై దగ్గరికొచ్చి తల్లి ముంజెయ్యి తిప్పి చూసింది. ఎర్రగా పొంగి ఉంది. కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి ఫోను తీసి మొగుడికి చేసింది.

"ఇదిగో, రేపట్నించి నూనె సీసా తోటకి పట్టుకెళ్ళు. ఇంట్లో ఒకసారి రాసుకుంటే చాలదట."

సమ్రువై అప్పటికే చెయ్యి గోక్కుంటోంది.