పూజకు ఆపిన కంప్యూటర్

చెన్నైలోని చూలై పేటలో ఆ సందు పేరు అడగనక్కర్లేదు. చప్పుడు పట్టుకొని నడిస్తే గోపాలయ్య ఎంబ్రాయిడరీ వర్క్‌షాపు వచ్చేస్తుంది. గుడ్డ మీద సూదులు వానలా దిగుతుంటాయి. ఆ వానకు మేఘం లోపలి గదిలో ఉండేది. రంగు మారి ముసలి దంతంలా తయారైన పాత కంప్యూటర్, దాని ముందు కాంచన.

కాంచన వ్యాసర్పాడి మనిషి. తండ్రి రైల్వే యార్డులో బరువులు మోశాడు. ఆమె రెండు జడలు వేసుకునే వయసులోనే ఇక్కడ పనికి చేరింది. ఇప్పుడు చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. జాకెట్ చేతుల మీద వచ్చే నెమలికి ఏ సూది ఎక్కడ దిగాలో, ఏ దారం ఎక్కడ తెగాలో, కుట్టు కుట్టుగా మౌస్‌తో గీసి మిషన్‌కు చెప్పడం ఆమె పని. తీగలు, మామిడి పిందెలు, హంసలు అన్నీ ఆ కంప్యూటర్ లోపలే పెరిగాయి. ఏ జాకెట్ మీదా ఆమె పేరు ఉండదు. కానీ ముహూర్తాల రోజుల్లో బస్సు ఎక్కితే, తన తీగ ఎవరి భుజం మీదో పాకుతూ కనబడేది. అప్పుడు ఆమె కిటికీ వైపు తిరిగి కాస్త నవ్వుకునేది.

యజమాని గోపాలయ్యను పనివాళ్ళందరూ అరవంలో ముదలాళి అనేవారు. ఆయన ఆ కంప్యూటర్‌ను చూసినప్పుడల్లా ఒకటే మాట.

"ఏమ్మా కాంచనా, నీ మిషన్ మా అత్తగారి మాదిరే ఉండాదే. తాను నిద్రపోదు, ఒకర్ని పోనీదు."

"నిద్రపోతే మళ్ళీ లేవదు ముదలాళీ. లోపల డిస్కు ముసలిదై పోయింది. తిరిగినన్నాళ్ళు తిరుగుతాది."

అందుకే ఏళ్ళ తరబడి దాన్ని ఆపలేదు. కరెంటు పోతే బ్యాటరీ మోసేది. ఆయుధపూజ నాడు మిషన్లన్నీ కడిగించుకొని, గంధం కుంకుమ పెట్టించుకొని మూగగా కూర్చుంటే, అదొక్కటి నుదుట బొట్టుతో, పైన తువ్వాలు కప్పుకొని, గుర్రుమంటూ పని చేస్తూనే ఉండేది. దేవుడి ముందు మేలుకొని ఉన్న పనిముట్టు అదొక్కటే.

ఈ ఏడు ముదలాళి కొడుకు నందు కొత్త కంప్యూటర్ తెచ్చాడు. నల్లగా, పలుచగా, చప్పుడు లేకుండా ఉంది. డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ మాత్రం పాత విండోస్ మీద తప్ప నడవదు. దానికొక తాళం కూడా ఉంది, బొటనవేలంత ముక్క. అది పాతకాలపు ప్రింటర్ రంధ్రంలో గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. కొత్త కంప్యూటర్‌కు ఆ రంధ్రమే లేదు.

"ఓడాదక్కా, ఇందులో అది నడవనే నడవదు" అన్నాడు నందు. అతనికి మాట సగం తమిళంలోనే వస్తుంది.

"నడిపిస్తాను నందూ. నా డిజైన్లన్నీ ఆడ ఉండాయి. వాటిని ఈడికి దాటిస్తే చాలు నాకు."

నిజంగానే ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. జీతం పెంచమనీ అడగలేదు. రిచీ స్ట్రీట్‌లో కంప్యూటర్ సామాన్ల దుకాణాలన్నీ తిరిగి తిరిగి, పాత రంధ్రం ఉన్న కార్డు ఒకటి సంపాదించి కొత్త కంప్యూటర్‌లో బిగించింది. తరువాత దాని లోపల ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు దాన్నే నమ్మించే పని మొదలుపెట్టింది. కొత్త మేడలో పాత పెంకుటిల్లు కట్టినట్టు. గోడ లేస్తే తలుపు పడేది. తలుపు నిలబడితే తాళం దొరికేది కాదు. ఒక మధ్యాహ్నం, అన్నం డబ్బా మూత తీయబోతుండగా, నిగనిగలాడే తెర మధ్యలో ఆ పాత బూడిదరంగు కిటికీ తెరుచుకుంది. తాళాన్ని గుర్తుపట్టింది. కాంచన తెరను వేలితో ముట్టుకొని చూసింది.

ఇక పాత డిస్కు విప్పి, కొత్తదానికి తగిలించి, లోపలున్నవన్నీ తోడుకోవాలి. ఒకప్పుడు ఫ్లాపీల మీద దాచుకున్న నకళ్ళు చెన్నై చెమ్మకు బూజు పట్టిపోయాయి. పెన్ డ్రైవ్ గుచ్చే చోటు ఆ పాతదానికి లేదు. ఉన్నదంతా ఆ డిస్కులోనే ఉంది. దాన్ని ఆపాలి, వేడి తగ్గకముందే మార్చేయాలి. ముసలి డిస్కు వేడి మీద ఉంటే లేస్తుంది, చల్లబడితే నమ్మకం లేదు. కానీ పెళ్ళి ఆర్డర్లు. దసరా దాకా ఆపనివ్వనన్నాడు ముదలాళి.

ఆయుధపూజ వచ్చింది. గడపకు మామిడి కొమ్మలు, గుమ్మం ముందు కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయ, పళ్ళెంలో బొరుగులు, శనగలు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. వాన వెలిసినట్టు సందంతా నిశ్శబ్దం.

"ఈసారి దాన్ని కూడా ఆపమ్మా" అన్నాడు గోపాలయ్య.

"అయితే ఇప్పుడే డిస్కు మార్చేస్తాను ముదలాళీ. కాసేపట్లో అయిపోతాది."

"నవమి నాడు కొత్త మిషన్ మొదలుపెడతారా ఎవురన్నా? రేపు విజయదశమి గదా, పొద్దున్నే మొదలుపెట్టు. పూజలో పెట్టింది పూజలోనే ఉండాల." ఆయన దాని పక్కన నిలబడి, పాత గోడలాంటి దాని ఒంటి మీద చేయి వేశాడు. "ఎంత చాకిరీ చేసింది పాపం. పోయే ముందు ఒక్క పూజన్నా కన్ను మూసుకొని చేయించుకోనీ."

ఇన్నేళ్ళలో ఆ గదిలో జరిగిన పనిని ఎవరైనా చాకిరీ అనడం అదే మొదలు. కాంచనకు ఆ మాట మిషన్ గురించి కాక తన గురించే అన్నట్టు వినబడింది. ఒక్క రాత్రే కదా అనుకుంది. తెలిసిన మనిషే, తెలిసీ, తన చేత్తో ఆపింది. గుర్రుమనే చప్పుడు సన్నబడి, సన్నబడి, నిద్రపోయే పిల్ల ఊపిరిలా ఆగింది. ఆమె దానికి గంధం రాసి, చామంతి పువ్వు పెట్టింది.

విజయదశమి పొద్దున డిస్కు విప్పి కొత్తదానికి తగిలించింది. అది తిరగలేదు. మళ్ళీ పాతదానికే తగిలించింది. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్, టిక్ అని గోడగడియారం లాంటి చప్పుడు, ఆ పైన గీరుతున్న చప్పుడు.

డిస్కులు విప్పి బాగుచేసే పాల్‌రాజ్ దగ్గరికి రిచీ స్ట్రీట్‌కు పరుగెత్తింది. అతను మూత తీసి, దీపం కింద పెట్టి చూపించాడు. అద్దంలా మెరిసే పళ్ళెం మీద గుండ్రంగా ఒక గీత.

"చల్లబడి సూది అతుక్కుపోయిందమ్మా. కరెంటు ఇచ్చేసరికి గీసుకుపోయింది. ఇక ఏమీ రాదు" అన్నాడు తమిళంలో. "నడుస్తున్నదాన్ని ఎందుకు ఆపారు?"

"పూజకు."

పాల్‌రాజ్ దీపం ఆర్పాడు. మూత బిగించి ఇచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కాంచన మాటలు కూడగట్టుకుంది. నాదే తప్పు అనాలి. ముదలాళి తిడతాడు. పనిలోంచి తీసేస్తానన్నా అంటాడు. ఆ తిట్లకు తల వంచుకొని నిలబడటానికి సిద్ధమైంది.

గోపాలయ్య బొరుగులు తింటున్నాడు. అంతా విన్నాడు. "పోతే పోనీలేమ్మా. దాని ఆయుసు అంతే" అని పళ్ళెం ఆమె వైపు జరిపాడు. "నువ్వు తిన్నావా?"

"విడుంగక్కా, వదిలేయండి, దానికేంటి ఇప్పుడు" అన్నాడు నందు, ఫోన్ మీంచి తల ఎత్తకుండా. "సూరత్ వాళ్ళు పెన్ డ్రైవ్‌లో వేసి అమ్ముతున్నారు. వేలకు వేల డిజైన్లు. నిన్ననే తెప్పించి పెట్టినా."

"మరి నా నెమళ్ళు?"

"నెమలంటే నెమలే గదా అక్కా. జాకెట్ తొడుక్కునేది, ఇది ఎవురి నెమలి అని అడగతాదా?"

అతను వెక్కిరించలేదు. మామూలుగానే అన్నాడు. కాంచన చేతిలోని డిస్కును బల్ల మీద పెట్టింది. ఒక్క తిట్టు పడినా చాలు, పోయినది ఏదో ఉందని తేలేది. ఎవరూ తిట్టలేదు. అంటే ఎప్పుడూ ఏమీ లేనట్టే.

లోపలికి వెళ్ళి కొత్త కంప్యూటర్ ముందు కూర్చుంది. తాను కట్టిన పాత ఇల్లు తెరిచింది. ఏ లోపమూ లేదు. తాళం పట్టింది, బూడిదరంగు కిటికీ విచ్చుకుంది, సాఫ్ట్‌వేర్ చక్కగా లేచి నిలబడింది. డిజైన్ల ఫోల్డర్ నొక్కింది. తెల్లగా, నిండా తెల్లగా, ఎవరూ నడవని ఇసుకలా ఉంది. మౌస్ పట్టుకొని ఒక కుట్టు వేసింది. రెండో కుట్టు ఎటు వెళ్ళాలో చేతికి తోచలేదు.

"అక్కా, కొంచెం లేస్తారా" అన్నాడు నందు.

సూరత్ డిజైన్లకు ఆ పాత ఇల్లు కూడా అక్కర్లేదు. పెన్ డ్రైవ్ గుచ్చితే నేరుగా మిషన్‌కు వెళ్ళిపోతాయి. సందులో మళ్ళీ సూదుల వాన మొదలైంది. కాంచనకు ముందు వైపు, దారాలు కత్తిరించే బల్ల దగ్గర చోటు చూపించారు. గుమ్మం బయట పగిలిన గుమ్మడికాయ ముక్కలు, కుంకుమ నీళ్ళు ఎండిపోతున్నాయి.

మొదటి జాకెట్ వచ్చింది. నెమలి బాగానే ఉంది. కంటి దగ్గర దారం తెంపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి, సూది కంటి నుంచి తోకకు ఒక్క ఊపులో దూకింది. మెడకు అడ్డంగా పొడుగాటి దారం, ఉరితాడులా.

ఆమె చిన్న కత్తెర తీసుకొని దాన్ని తెంపింది. రెండో జాకెట్ కోసం చేయి చాపింది.