నూట పద్నాలుగో తల

ఆయన్ని వీధిలో అందరూ కళ్ళజోళ్ళాయన అనే పిలిచేవారు. బజారు మలుపులో ఉన్న కళ్ళద్దాల దుకాణంలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. డాక్టరు రాసిచ్చిన చీటీ ప్రకారం అద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగించి, వచ్చినవాళ్ళ ముక్కు మీద పెట్టి, చెవుల వెనక వంపు సరిచేసి పంపడం ఆయన పని. రోజుకి ముప్పై నలభై ముఖాలు ఆయన ముఖానికి జానెడు దూరంలోకి వచ్చి వెళ్ళేవి. అయినా ఆయనకి ఒక్క ముఖమూ గుర్తుండేది కాదు. ఆ సంగతి ఆయనకి కూడా తెలియదు, దొంగ వచ్చేదాకా.

దొంగ అంటే ముసుగు వేసుకుని వచ్చినవాడు కాదు. శనివారం మధ్యాహ్నం నింపాదిగా వచ్చిన ఒక పెద్దమనిషి. అద్దం ముందు నిలబడి వరసగా పదకొండు ఫ్రేములు పెట్టించుకుని చూసి, పన్నెండోది పెట్టుకుని, "ఇది బయట వెలుతురులో ఎలా ఉంటుందో" అంటూ గుమ్మం దిగాడు. ఆ వెలుతురులోనే వెళ్ళిపోయాడు.

కానిస్టేబులు వచ్చి పుస్తకం తెరిచాడు. "మనిషి ఎలా ఉంటాడు?"

"కంటికీ కంటికీ మధ్య అరవై నాలుగు మిల్లీమీటర్లండి. ఎడమ చెవి కుడి చెవి కంటే ఒక పిసరు కిందికి ఉంటుంది."

కానిస్టేబులు రాయడం ఆపాడు. "ముఖం చెప్పవయ్యా అంటే కొలతలు చెప్తావేంటి? నేనేమన్నా అతనికి చొక్కా కుట్టాలా?"

"ముఖం... మామూలుగానే ఉందండి."

"గడ్డం ఉందా, లేదా?"

కళ్ళజోళ్ళాయన ఎంత బుర్ర గోక్కున్నా గుర్తు రాలేదు. గంటసేపు ఆ మనిషి ముక్కు మీద ఫ్రేములు పెట్టి తీసిన చేతులు తనవే. కానిస్టేబులు 'మామూలు ముఖం' అని రాసుకుని, తల అడ్డంగా ఊపుతూ వెళ్ళిపోయాడు. దొంగ దొరకలేదు.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్తూ కళ్ళజోళ్ళాయన ఒక తెల్లకాగితాల పుస్తకం, రెండు పెన్సిళ్ళు కొన్నాడు. ముఖం అంటే ఏమిటో నేర్చుకోకపోతే తనకి మనశ్శాంతి లేదనిపించింది. వంటింటి గుమ్మంలో కూర్చుని, ఉల్లిపాయలు తరుగుతున్న భార్యని గీశాడు. గీసి చూపించాడు.

"ఎవరండీ ఈవిడ?" అంది ఆమె.

"నువ్వే."

ఆమె చాలాసేపు చూసింది. "మా అన్నయ్యకి జడ వేసినట్టుంది," అని పుస్తకం తిరిగిచ్చేసింది. మర్నాడంతా ఏమడిగినా "ఊ" అనే సమాధానం. చివరికి కాలేజీలో చదివే కూతురు కలగజేసుకుంది.

"నాన్నా, ఆదివారం పొద్దున లైబ్రరీ పైగదిలో బొమ్మలు గీసేవాళ్ళు కూర్చుంటారట. అక్కడికెళ్ళి ఎంతమందినైనా గీసుకో. అమ్మ జోలికి మాత్రం రాకు."

లైబ్రరీ పైగదిలో పాత బల్లలు, ఒక పెద్ద కిటికీ, కిర్రుకిర్రుమనే ఫ్యాను, ముగ్గురు మనుషులు ఉన్నారు. ఒకరు సెలూన్ నడిపే ఆయన. ఒకరు రిటైరైన హెడ్ నర్సు, అందరూ సిస్టర్ గారు అంటారు. మూడో మనిషి బస్సు డ్రైవరు. నేర్పే మాస్టారంటూ ఎవరూ లేరు. ఒకరు ఇరవై నిమిషాలు కుర్చీలో కదలకుండా కూర్చుంటే తక్కినవాళ్ళు గీయాలి. తర్వాత బొమ్మల్ని తాడుకి బట్టల క్లిప్పులతో తగిలించి, ఒకరి బొమ్మ గురించి ఒకరు చెప్పుకోవాలి. సిస్టర్ గారు పెట్టిన నియమం ఒకటి గోడ మీద రాసి ఉంది: 'తప్పు చెప్పేముందు ఒక మంచి మాట చెప్పవలెను.'

మొదటి ఆదివారం డ్రైవరు కూర్చున్నాడు. తెల్లవారుజామున డ్యూటీ దిగి వచ్చిన మనిషి, ఐదు నిమిషాల్లో నిద్రపోయాడు. కళ్ళజోళ్ళాయన నాలుక బయటపెట్టి మరీ గీశాడు. బొమ్మ తాడెక్కింది. సెలూన్ ఆయన చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"కాగితం బాగుంది," అన్నాడు.

"కాగితం కాదు, బొమ్మలో మంచి చెప్పాలి," అన్నారు సిస్టర్ గారు.

సెలూన్ ఆయన మళ్ళీ చూశాడు. నుదుట చెమట తుడుచుకున్నాడు. "బొమ్మ కాగితానికి సరిగ్గా మధ్యలో ఉంది. ఇక తప్పు చెప్పొచ్చా?"

"చెప్పండి."

"ఈ మనిషి నా కుర్చీలో కూర్చుంటే కత్తెర ఎక్కడ పెట్టను సార్? కనుబొమలు అయిపోగానే తల అయిపోయింది. జుట్టు మొలవడానికి జాగా ఏది?"

"కళ్ళు తలలో పైన కదా ఉంటాయి," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"ఎవరికి? కళ్ళు తలకి నట్టనడుమ ఉంటాయి. పై సగానికి కటింగ్, కింది సగానికి షేవింగ్. ముప్పై ఏళ్ళుగా నేను బతుకుతున్నది దాని మీదే."

కళ్ళజోళ్ళాయనకి నమ్మకం కుదరలేదు. కళ్ళ సంగతి తనకే చెప్తాడా? జేబులోంచి స్కేలు తీసి నిద్రపోతున్న డ్రైవరు దగ్గరికి వెళ్ళాడు. గడ్డం నుంచి కంటికి పదకొండున్నర సెంటీమీటర్లు. కంటి నుంచి నడినెత్తికి పదకొండున్నర. ఈలోగా డ్రైవరుకి మెలకువ వచ్చింది.

"ఏంటి కొలుస్తున్నారు? నేనింకా బతికే ఉన్నాను!"

ఆ రోజు నుంచి కళ్ళజోళ్ళాయనకి అదే ధ్యాస. గీసిన ప్రతి తలకీ మూలన ఒక అంకె వేసేవాడు. ఇరవయ్యో తలకి నుదుళ్ళు విశాలమయ్యాయి. అప్పుడు చెవుల గొడవ మొదలైంది. "చెవి కనుబొమ దగ్గర మొదలై ముక్కు చివర ఆగుతుంది. మీరు జేబులు కుట్టినట్టు ఎక్కడపడితే అక్కడ కుట్టేస్తున్నారు," అన్నారు సిస్టర్ గారు. చెవులు దారికొచ్చేసరికి చూపు చెడింది. డ్రైవరుకి బొమ్మల సంగతి పెద్దగా తెలియదు కానీ చూపు సంగతి తెలుసు. "ఈ బొమ్మలో ఒక కన్ను సిగ్నల్ చూస్తోంది, ఇంకో కన్ను పక్క సందులోకి తిరిగింది. ఇలాగైతే యాక్సిడెంటే," అనేవాడు. కళ్ళజోళ్ళాయన అన్నీ విని, ఇంటికెళ్ళి మళ్ళీ గీసేవాడు. బాధ కలగక కాదు. మూడో వారం ఇక వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకున్నాడు కూడా. ఆదివారం తొమ్మిదయ్యేసరికి కాళ్ళు వాటంతటవే లైబ్రరీ మెట్లెక్కాయి.

అరవై ఒకటో తల దగ్గర ఉద్యోగం మీదికొచ్చింది. దుకాణంలో ఖాళీగా ఉన్న పది నిమిషాల్లో, చేతికందిన చీటీ వెనక, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానిని గీశాడు. ఆ చీటీ ఒక ముసలి లెక్చరరుది. ఆయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని, చదవగలనో లేదో చూద్దామని చీటీ తిప్పాడు.

"అరె! ఇది మీ ఓనరు కదూ!" అని దుకాణం దద్దరిల్లేలా అన్నాడు.

యజమాని లేచి వచ్చి చీటీ లాక్కున్నాడు. ముఖం ఎర్రబడింది. "నా ముక్కు ఇంత ఉంటుందా?"

"ఇంకా కాస్త తగ్గించే వేశాడండీ," అన్నాడు లెక్చరరు, కళ్ళజోడు సవరించుకుని ఇటూ అటూ చూస్తూ. "అద్దాలు భేషుగ్గా కుదిరాయి."

యజమాని ఆ సాయంత్రం దాకా తిట్టాడు. కళ్ళజోళ్ళాయన తలవంచుకుని నిలబడ్డాడు కానీ ఒక్క తిట్టూ చెవికెక్కలేదు. తను గీసిన ముఖాన్ని ఒక ముక్కూ మొహం తెలియని మనిషి గుర్తుపట్టాడు! పట్టరాని సంతోషంతో ఇంటికెళ్ళి అందరికీ చెప్పాడు.

ఆ అందరిలో ఆయన అత్తగారు కూడా ఉంది. ఆమె ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. భర్త పోయాక కూతురింట్లోనే ఉంటోంది. అత్తా అల్లుళ్ళ మధ్య పద్నాలుగేళ్ళుగా నడిచిన సంభాషణ మొత్తం రెండే మాటలు. "భోంచేశారా?" "చేశానండి." అలాంటిది కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం ఆమె టీ గ్లాసు పక్కన పెట్టి అంది:

"అల్లుడుగారూ, ఊళ్ళో అందరినీ గీస్తున్నారట. ఇంట్లో ఉన్నదాన్ని, నేను కనపడట్లేదా?"

కళ్ళజోళ్ళాయన గతుక్కుమన్నాడు. భార్య బొమ్మకే ఒక రోజంతా మాటల్లేవు. అత్తగారి బొమ్మ చెడితే ఇల్లు వదిలి పోవాలి. అయినా కాదనే ధైర్యం లేక, కిటికీ పక్కన కుర్చీ వేశాడు. ఒక్క రోజులో అయ్యేది కాదు. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆ నాలుగు సాయంత్రాలూ ఆమె నోరు మూతపడలేదు. ఎక్స్ఛేంజీలో ఒక మొగుడూ పెళ్ళాం రోజూ ఫోన్లో పోట్లాడుకుని, లైను కలిపిన తననే తీర్పు చెప్పమనేవారట. "ఆ మనిషి గొంతు వింటే ఆరడుగులుంటాడనుకున్నాను. ఒకసారి వచ్చాడు చూడండీ, నా భుజం దాకా లేడు!" కళ్ళజోళ్ళాయన నవ్వాపుకోలేక పెన్సిలు కింద పడేశాడు.

"నవ్వకండి, చెయ్యి కదులుతుంది. నాకొక పదేళ్ళు తగ్గించి వేయండి."

"తగ్గిస్తే మా ఆదివారం వాళ్ళు నన్ను బతకనివ్వరండీ."

బొమ్మ పూర్తయ్యాక ఆమె చేత్తో దూరంగా పట్టుకుని చూసింది. "అచ్చం నేనే. చాలా బాగుంది," అంది. మూలన అంకె నూట పద్నాలుగు.

ఆదివారం ఆ బొమ్మ తాడెక్కింది. సెలూన్ ఆయన దగ్గరికొచ్చి, "జుట్టు చేతికి తగిలేలా ఉంది సార్," అని ఏ తప్పూ చెప్పకుండానే పక్కకి జరిగాడు. కళ్ళజోళ్ళాయన భూమ్మీద లేడు. సిస్టర్ గారు మాత్రం కళ్ళు చికిలించి చూస్తున్నారు.

"కుడి కంటిపాప నల్లగా దిద్దారు. ఎడమది బూడిదరంగులో సగంలో వదిలేశారేం?"

"వదల్లేదండీ. మా అత్తగారికి ఎలా ఉందో అలాగే గీశాను. నాలుగు రోజులు చూసి గీశాను."

"మీరేం పని చేస్తారు?"

"మీకు తెలుసు కదండీ."

"మీ నోటితో చెప్పండి."

"కళ్ళజోళ్ళు..."

"ఇంట్లో మనిషి కంట్లో శుక్లం అంతలా ముదిరిపోతే, బొమ్మ గీసి తెచ్చి నాకు చూపిస్తే గానీ తెలియలేదా మీకు?"

కళ్ళజోళ్ళాయనకి తల కొట్టేసినట్టయింది. పద్నాలుగేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఆ ముఖంలోకి ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. చూసిన నాలుగు రోజులూ పెన్సిలు గురించే ఆలోచించాడు.

"సిస్టర్ గారూ," అన్నాడు డ్రైవరు మెల్లగా, "ముందు మంచి మాట చెప్పాలి."

సిస్టర్ గారు గొంతు సవరించుకున్నారు. "శుక్లం చాలా బాగా గీశారు," అన్నారు.

ఇంటికి వెళ్ళి అడిగితే అత్తగారు మొదట బుకాయించింది. తర్వాత ఒప్పుకుంది. రెండేళ్ళుగా ఎడమ కన్ను మసకేనట. ఆపరేషనంటే కన్ను బయటికి తీసి, కడిగి, మళ్ళీ పెడతారని ఎవరో చెప్పారట. ఆ భయంతో ఎవరికీ చెప్పలేదు. కళ్ళజోళ్ళాయన మర్నాడు దుకాణం నుంచి ఒక పాత ఫ్రేము, గీతలు పడి మసకబారిన అద్దం, కొత్త అద్దం తెచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. పాతది ఊడదీసి కొత్తది బిగించి చూపించాడు.

"ఫ్రేము అదేనండీ. ముట్టుకోరు. లోపలి అద్దం ఒక్కటే మారుస్తారు."

"ఇంతేనా? ఈ మాట ముందే చెప్పొచ్చుగా!"

"ముందు మీరు చెప్పాలి కదండీ!"

పద్నాలుగేళ్ళలో అదే వాళ్ళ మొదటి పోట్లాట. ఆపరేషను రోజున ఆయన ఆసుపత్రి వరండాలో కూర్చుని, చెయ్యి ఊరికే ఉండలేక, ఎదుటి బెంచీ మీద ఉన్నవాళ్ళని నలుగురిని గీశాడు. ఒక్కటీ మనిషిలా రాలేదు. లోపలి నుంచి నర్సు వచ్చి, "అంతా బాగా జరిగిందండీ. ఆవిడ మాట్లాడటం ఆపితే ఇంకా తొందరగా అయ్యేది," అంది.

రెండు వారాలయ్యాక అత్తగారు తన బొమ్మ తెమ్మంది. ఈసారి ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. చూసినకొద్దీ ఆమె ముఖం మారిపోయింది.

"ఇదేంటి అల్లుడుగారూ, ఇన్ని ముడతలు?"

"మొన్న అచ్చం నేనే అన్నారుగా?"

"మొన్న నాకు కనపడితే కదా!" ఆమె లేచి గోడనున్న అద్దం ముందుకి వెళ్ళింది. అద్దంలోకి చూసింది, బొమ్మలోకి చూసింది, మళ్ళీ అద్దంలోకి చూసింది. వంటింట్లోంచి భార్య, గదిలోంచి కూతురు తలలు బయటపెట్టి తొంగిచూశారు. చివరికి ఆమె బొమ్మని బట్టల బీరువాలో, మడతల అడుగున దాచేసి తాళం వేసింది.

ఇక దాని సంగతి అయిపోయిందనుకున్నారు. కానీ ఇంటికి ఎవరొచ్చినా, మంచినీళ్ళు ఇచ్చీ ఇవ్వకముందే, ఆమె బీరువా తెరిచి దాన్ని బయటికి తీసేది. "మా అల్లుడు గీశాడు," అనేది. చూసినవాళ్ళు ఏదో అనేలోపే తనే కలగజేసుకుని, "ఇది ఆపరేషనుకి ముందుది. అందుకే కాస్త పెద్దదానిలా ఉన్నాను," అని మళ్ళీ జాగ్రత్తగా మడతల కింద పెట్టేసేది.