ఎనభై ఎనిమిది నిలువు మెట్లు

ఆ రోజుల్లో నాకు రానిదంటూ ఏదీ ఉండేది కాదు. చేతిలో ఇంజినీరింగ్ పట్టా, జేబులో ఇకామా అనే కొత్త నివాస కార్డు, నడుముకి తోలు సంచీలో మొబైల్ ఫోను. రియాద్‌లో దిగి ఏడాదిన్నర కాకుండానే, నా తరువాత వచ్చినవాళ్ళకి సౌదీ గురించి ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. అన్నిటికంటే నాకు గర్వం నా తెలుగు మీద. ఆఫీసులో ఇంగ్లీషు, సైటులో పాకిస్తానీ ఫోర్మన్‌తో హిందీ, గేటు దగ్గర వచ్చీరాని అరబ్బీ మాట్లాడి సాయంత్రానికి నాలుక మొద్దుబారేది. అందుకే తెలుగులో నాలుగు ముక్కలు రాసే అవకాశం దొరికిందంటే ఒక్క ఇంగ్లీషు మాట పడనిచ్చేవాణ్ణి కాను. ఆ పంతమే డాక్టరమ్మగారి పియానోని చెత్తబండి ఎక్కించబోయింది.

డాక్టరమ్మగారు మా వీధి చివరి ఆస్పత్రిలో కాన్పులు చేసేవారు. ఆస్పత్రివాళ్ళిచ్చిన చిన్న ఇంట్లో ఆవిడా, వాళ్ళాయనా ఉండేవారు. ఆయన్ని అందరం సారనేవాళ్ళం. నేను వచ్చిన మొదటి వేసవిలోనే నాకు ఆటలమ్మ పోసింది. మా గదిలో మిగతా ముగ్గురూ (ముందు రోజు దాకా ప్రాణస్నేహితులే) పరుపులు చుట్టుకుని పక్క గదిలోకి ఉడాయించారు. ఆ సంగతి ఎవరో చెప్పగా విని, ముఖపరిచయం కూడా సరిగా లేని ఆవిడ సారు చేత కారు తీయించుకుని వచ్చి, నన్ను వాళ్ళింటి ముందుగదిలో రెండు వారాలు పడుకోబెట్టి పెరుగన్నం పెట్టారు. ఈ ప్రాణం ఆవిడ పెట్టిన పెరుగన్నంతో నిలబడిందని నేనిప్పటికీ అంటాను. మా ఆవిడ మాత్రం ఆటలమ్మకి ఎవరూ పోరులెమ్మంటుంది.

పియానో ఆ ముందుగదిలోనే ఉండేది. గోడకి ఆనించి నిలబెట్టే రకం, బీరువా అంత బరువు. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్న తెల్లవాళ్ళు వదిలేసి పోయారట. ఆవిడకి వాయించడం రాదు. కానీ డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పి, ఆ రోజు తన చేతుల మీద ఎంతమంది పిల్లలు పుట్టారో అన్ని మెట్లు, ఒక్కొక్కటే, చూపుడు వేలితో నొక్కేవారు. (మా పెదనాన్న నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. వేలితో నొక్కేవాటిని మా ఇంట్లో మెట్లనేవాళ్ళం. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.) నేను దురదతో మెలికలు తిరుగుతూ లెక్కపెట్టేవాణ్ణి. ఒక రోజు ఏడు, ఒక రోజు నాలుగే. ఒకసారి పదకొండు నొక్కారు, ఆఖరిది మాత్రం వినీ వినపడనట్టు నొక్కారు. ఏమండీ అంటే, "అది ఏడవడానికి కాస్త టైము తీసుకుందిలే" అన్నారు.

మరుసటి ఏడు డాక్టరమ్మగారు ఉద్యోగం వదిలేసి, ఫైనల్ ఎగ్జిట్ మీద విశాఖపట్నం వెళ్ళిపోవడానికి నిశ్చయించుకున్నారు. మిగతా సామానంతా కార్గోకి వేశారు కానీ పియానోకి మాత్రం కార్గోవాళ్ళు ఒప్పుకోలేదు. ఇళ్ళ వ్యవహారం చూసే ఆస్పత్రి మనిషి వచ్చి బుధవారానికి ఇల్లు ఖాళీ కావాలనీ, మిగిలిపోయినవాటిని పగలగొట్టి బలదియా అనే అక్కడి మున్సిపాలిటీ చెత్తబండికి ఎత్తిస్తామనీ చెప్పిపోయాడు. "ఎవరికైనా ఊరికే ఇచ్చేద్దామా?" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఊరికే వచ్చినదాన్ని జనం మూల పడేస్తారు ఇంజినీరూ. ఎంతో కొంత పెట్టి కొనుక్కున్నవాడు కనీసం దుమ్మయినా తుడుస్తాడు" అన్నారు. తరువాత మూత మీద చెయ్యి వేసి, "పగలగొట్టేటప్పుడు ఇవన్నీ ఒక్కసారే మోగుతాయి కాబోలు. నేను వినలేను బాబూ" అన్నారు. "నాదీ పూచీ, బుధవారం లోపల కొనేవాణ్ణి తెస్తాను" అని గుండె మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాను.

ఆ సాయంత్రమే బత్హా బజారులో మనవాళ్ళు గోంగూరకీ గోంగూర కబుర్లకీ చేరే కిరాణా కొట్టు తలుపు మీద నా ప్రకటన అంటించాను. ముత్యాల్లాంటి అక్షరాలు, అచ్చతెలుగు. "ఎనభై ఎనిమిది మెట్ల నిలువు పియానో అమ్మకానికి కలదు. కొన్నవారే మనుషులతో వచ్చి తీసుకొనిపోవలెను." కింద నా ఫోను నంబరు. రాసిన కాగితాన్ని రెండడుగులు వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాను.

ఫోన్లకి కొదవ లేదు. మొదటి ఆయన, "లిఫ్టు ఉందాండీ?" అని అడిగాడు. "లిఫ్టెందుకండీ, మూత చేత్తో ఎత్తితే వచ్చేస్తుంది" అన్నాను. ఠక్కున పెట్టేశాడు. రెండో ఆయన దమ్మాం నుంచి. "మెట్లన్నీ గట్టిగానే ఉన్నాయా?" అన్నాడు. నేను నిజాయితీపరుణ్ణి కదా, "రెండు కాస్త వదులుగా ఉన్నాయి. ఒకటి కిందికి పోతే మళ్ళీ పైకి రాదు" అని ఉన్నదున్నట్టు చెప్పాను. "అయ్యబాబోయ్, పిల్లలున్నవాణ్ణి" అని ఆయనా పెట్టేశాడు. మూడో ఆయన, "నిలువు మెట్లంటున్నారు, మధ్యలో మలుపు లేదా?" అన్నాడు. మలుపేమిటో నాకు అర్థం కాలేదు. సంగీతంలో ఏదో లోతైన విషయం అయ్యుంటుందనుకుని, తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక, "మలుపులు వాయించేవాడి చేతిలో ఉంటాయి" అన్నాను. ఆయన నన్నేదో అన్నాడు, అది ఇక్కడ రాయను.

సోమవారం వచ్చేసింది. కంచం ముందు దిగాలుగా కూర్చున్న నన్ను చూసి మా గదిలోని కరీంనగర్ అన్న (ఆటలమ్మప్పుడు అందరికంటే ముందు పరుపు చుట్టింది ఈయనే) మెల్లగా అడిగాడు. "తమ్మీ, ఆ డాక్టరమ్మ ఎన్నో మంజిల్ల ఉంటది?"

"మంజిలేమిటన్నా, కింద ఇల్లే. గుమ్మం దగ్గర ఒక్క మెట్టుంది, అంతే."

"మరి ఎనబై ఎనిమిది మెట్లని రాసినవ్ గదనే. దుకాన్ల అందరు గదే ముచ్చట. గంత బరువు పట్టుకొని అన్ని మెట్లు ఎవడు దిగుతడని నవ్వుకుంటున్నరు."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. లిఫ్టూ, మలుపూ, పైకి రాని మెట్టూ అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అన్న పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. నా తెలుగు పిచ్చి తగలెయ్య, ఆవిడ నన్ను నమ్మి ఐదు రోజులుగా ఎదురు చూస్తున్నారు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ప్రకటన దిద్ది వద్దామని, అరువు తెచ్చుకున్న పెన్ను జేబులో పెట్టుకుని చెప్పులేసుకుంటుంటే ఫోను మోగింది.

"బాబూ, ఎనబై ఎనిమిది మెట్ల పెట్టి మీ కాడే ఉందేటి?"

నేను ముందే జాగ్రత్త పడ్డాను. "ఉందండి. కానీ అవి మేడమెట్లు కావు."

"మేడమెట్లేటి బాబూ? మెట్లంటే వాయించీ మెట్లే కదా. మా పెట్టికి నలబై రెండే. ఎనబై ఎనిమిదంటే అదెంత పెట్టో అని నిన్నటి నుంచి దూడలకి పాలు కూడా సరిగ్గా పట్టలేకపోనాను."

ఆయనది శ్రీకాకుళం వైపు. ఊళ్ళో పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవాడట. ఇప్పుడు అల్ ఖర్జ్‌లో పెద్ద పాలడైరీలో, అప్పుడే పుట్టిన దూడల్ని చూసుకునే పని. సరుకుల కోసం వచ్చిన స్నేహితుడు నా ప్రకటన చదివి చెప్పాడట. రియాద్‌లో ఇంతమంది తెలుగువాళ్ళుండగా నేను రాసింది రాసినట్టు అర్థం చేసుకున్న ఏకైక పాఠకుణ్ణి దేవుడు డైరీలో దాచిపెట్టాడు.

బుధవారం మధ్యాహ్నం గడ్డి వేసిన పికప్పులో, నలుగురు మనుషులతో వచ్చాడు. డాక్టరమ్మగారు ఆయన్ని ఎగాదిగా చూసి, "ఏదీ, వాయించండి" అన్నారు. ఆయన చేతులు కడుక్కుని వచ్చి పియానోకి దణ్ణం పెట్టి కూర్చున్నాడు. కుడిచెయ్యి మెట్ల మీద పడగానే ముందుగది నిండిపోయింది. అయితే ఆయన ఎడమచెయ్యి మాత్రం పియానో పక్కన గాలిలో ముందుకీ వెనక్కీ ఊగుతోంది. హార్మోనియానికి గాలి కొట్టిన అలవాటు మరి. గాలి కొట్టక్కర్లేదని నేను చెప్పబోతే డాక్టరమ్మగారు ఊరుకోమని సైగ చేశారు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు, ముఖంనిండా నవ్వు.

ఆయన జేబులోంచి మడతపెట్టిన నోట్లు తీస్తే, ఆవిడ అందులోంచి ఒక్క రియాల్ లాక్కుని, "కొన్నట్టే. కానీ ఒక షరతు" అని, పుట్టిన పిల్లలకి మెట్లు నొక్కే సంగతి చెప్పారు. ఆయన తల గోక్కున్నాడు. "మా కాడ పుట్టీవి దూడలమ్మా."

"పుట్టడం పుట్టడమే కదయ్యా. నొక్కండి."

"నొక్కుతానమ్మా. కానీ రోజూ బోలెడు పుడతాయి. అందుకే కాబోలు దీనికి ఇన్ని మెట్లెట్టినారు."

పియానో గడ్డి మోపుల మధ్య కూర్చుని అల్ ఖర్జ్‌లో డైరీ పనివాళ్ళ క్యాంపు భోజనాల హాలుకి వెళ్ళిపోయింది. బండి మలుపు తిరిగేదాకా డాక్టరమ్మగారు గుమ్మంలోని ఆ ఒక్క మెట్టు మీదే నిలబడి చూశారు.

తరువాత నాలుగేళ్ళకి నాకు పెళ్ళయి, అదే ఆస్పత్రిలో మా అమ్మాయి పుట్టింది. ముందుగా అల్ ఖర్జ్‌కి ఫోను చేశాను. "ఉండండి బాబూ" అని ఆయన పరిగెత్తిన చప్పుడు, కంచాల చప్పుడు, ఎవర్నో ఊరుకోమన్న చప్పుడు, ఆ తరువాత ఒకే ఒక్క మెట్టు మోగింది. ఆ వెంటనే విశాఖపట్నం చేశాను. డాక్టరమ్మగారు తల్లి ఎలా ఉందని అడిగారు, బిడ్డ బరువు అడిగారు, ఆ పైన "మెట్టు నొక్కించావా?" అన్నారు. నొక్కించానన్నాను.

"ఏడవడానికి టైము తీసుకుందా?"

"లేదండి. వెంటనే ఏడ్చింది."

"అయితే ఇంకొంచెం గట్టిగా నొక్కమనాల్సింది ఇంజినీరూ."

పెరుగన్నానికీ, ఆ రెండు వారాలకీ, అన్నిటికీ కలిపి ఆవిడకి ఆ రోజైనా కృతజ్ఞతలు చెప్పుకోవాలని మాటలు కూర్చుకున్నాను, మంచి తెలుగులోనే. తీరా ఫోనులో వెక్కిళ్ళు తప్ప ఏమీ రాలేదు. అన్నీ వచ్చుననుకున్న ఆ కుర్రాడి తరఫున ఇప్పుడు చెబుతున్నాను, అదీ తెలుగులోనే. కాకపోతే ఈసారి మెట్లంటే ఏమిటో ముందే బ్రాకెట్లో రాసి పెట్టాను.