కత్తెరల పెట్టెలో దాచిన ప్యాకెట్టు

ఆ టైలరు కత్తెరల పెట్టె జోలికి ఇంట్లో ఎవరూ పోరు. కన్నతల్లి చెయ్యి పెట్టినా ఇంతెత్తున లేస్తాడు మహానుభావుడు. ఉన్నవి రెండు గదులు. తల్లికేమో సర్దుడు పిచ్చి, తెరవని అలమర ఉండదు. అందుకే కండోమ్ ప్యాకెట్టు తెచ్చి ఆ పెట్టెలో సూదుల మధ్య దాచి, తన తెలివికి తానే మురిసిపోయాడు.

మురిసిపోవడమే గానీ, వాడే యోగం పట్టలేదు. భార్యకు కాన్పు కష్టమై, కడుపు కోసి పాపను తీశారు. ఇప్పట్లో మళ్లీ కడుపు రాకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అప్పటినుంచి ఆమె పాపను మధ్యలో వేసుకుని దూరంగా పడుకుంటోంది. తన మీద ఆమె మనసు విరిగిపోయిందని అతను లోలోపల కుమిలిపోయాడు. అడుగుదామంటే నోరు పెగలదు. వీధిలో అందరి కొలతలూ నోటికి చెప్పే మనిషికి పెళ్లాం మనసు మాత్రం అంతుపట్టలేదు పాపం!

పాపకు ఏడాది నిండాక అతని తల్లే పూనుకుంది. "పాపను నేను చూసుకుంటా, మీరిద్దరూ సముద్రం చూసి రండి" అని తరిమినంత పని చేసింది. బట్టలు సర్దుతూ భార్య గొంతు తగ్గించింది.

"ఏమండీ, అవి తెచ్చారా?"

"ఎప్పుడో తెచ్చా. కత్తెరల పెట్టెలో భద్రంగా ఉన్నాయి."

"సూదుల్లోనా? ఓరి దేవుడా!"

తెరిచి చూస్తే ఏముంది! ప్యాకెట్టులో ఈ పక్కనుంచి ఆ పక్కకి గుండుసూది దిగబడి ఉంది. టైలరు మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. ప్యాకెట్టు మొత్తం చెత్తబుట్టలో పడేశాడు.

"కొత్తవి కొని పర్సులో పెట్టుకుంటాలే" అని గొణిగాడు.

"పర్సు మీద కూర్చుని నలిపేస్తారు. వేడికీ ఒరిపిడికీ పాడైపోతాయని నర్సమ్మ చెప్పింది."

"నర్సమ్మను అడిగావా? నేనంటేనే ఇష్టం పోయిందనుకున్నా!"

"ఏం మాటలండీ అవి? నాకు భయం. మళ్లీ కడుపొస్తే ఈసారి బతకనేమోనని భయం. మీ పక్కన పడుకోవాలని నాకు మాత్రం ఉండదా?"

ఇన్నాళ్లూ ఒకే గదిలో ఉండి తను చూసిందేమిటని సిగ్గుపడ్డాడు. సిగ్గును మించి సంతోషం పొంగుకొచ్చింది.

బస్టాండు దగ్గర మందుల షాపులో నలుగురి ముందే కండోమ్‌లు అడిగి, తేదీ చూసి మరీ కొన్నాడు. నలగకుండా సబ్బుపెట్టెలో పెట్టి, ఎండ తగలని చోట ఉంచుదామని బస్సులో సీటు కింద పెట్టబోయాడు. ఆమె ఆ పెట్టె లాక్కుని తన చేతిసంచిలో వేసుకుంది.

"నా దగ్గరుండనివ్వండి. మీరెలాగూ అడగరు, నేనే అడుగుతా."