భయం పోగొట్టే తాయెత్తు

సల్వాలో నేను పనిచేసిన ఇంటి యజమానురాలు, నేను మామా అని పిలిచే ఆవిడ, కువైట్ మనిషి కాదు. మంచుకొండల దేశంలో పుట్టి, అక్కడికి చదువుకోవడానికి వెళ్ళిన కువైట్ ఆయన్ని చేసుకుంది. పెళ్ళికి ముందు, కాళ్ళకి పొడుగాటి బద్దలు కట్టుకుని కొండ మీంచి కిందికి జారే స్కీయింగ్ పందేల్లో ఆవిడ ఛాంపియన్. మాది కోనసీమ. కొబ్బరిచెట్టుని మించిన ఎత్తు నేనెరగను.

ఎనభైల మొదట్లో ఆ ఇంట్లోకి వీడియో వచ్చింది. ఒక మధ్యాహ్నం మామా తన పందెం క్యాసెట్ పెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నిటారు కొండ మీంచి ఎర్రబట్టల పిల్ల రాయి దొర్లినట్టు వచ్చేస్తోంది. ఆ పిల్లే ఇప్పుడు నా పక్కన కూర్చుని ఖర్జూరాలు తింటోందని తెలిసినా, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని చూశాను.

“బయమేసీది కాదా మామా?” అన్నాను వచ్చీరాని అరబ్బీలో.

“ప్రతిసారీ వేసేది. ఒక్కరోజు వెయ్యలేదు. ఆ రోజే పడ్డాను.”

మోకాలి మీద పొడుగాటి మచ్చ చూపించింది. ఆ దెబ్బతో పందేలు ఖలాస్. నేను మచ్చ చూసి హడలిపోయానే కానీ, ఆ మాట చెవికెక్కించుకోలేదు.

ఆ చలికాలం అయ్యగారు ఎక్కడినుంచో కూతురికి చిన్న బద్దలు తెచ్చారు. శుక్రవారం జహ్రా ఊరు దాటాక ఉన్న ఇసుకదిబ్బ మీద నేర్పిస్తానంది మామా. ఆ దిబ్బకి ఓ పక్కంతా రాళ్ళే. ముందురోజు పిల్ల వంటింట్లో నా కొంగు పట్టుకుని, భయంగా ఉందని ఏడ్చింది. మా వైపు పిల్లలు జడుసుకుంటే తాయెత్తు కడతారు. నేను విమానం ఎక్కేటప్పుడు మా అమ్మ కట్టినది నా చేతికే ఉంది. విప్పి దాని చేతికి కట్టాను.

“ఇంక బయం నీ జోలికి రాదమ్మా.”

మర్నాడు దిబ్బ మీద మామా బద్దలు బిగించి, “భయంగా ఉందా?” అని అడిగింది.

“కొంచెం కూడా లేదు,” అంటూ పిల్ల చెయ్యెత్తి తాయెత్తు చూపించింది.

నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. మామా ముఖం పాలిపోయింది. వంగి పిల్ల కాళ్ళ బద్దలు ఊడదీసేసింది.

“భయం లేని పిల్లని కొండ మీద ఎవరు ఆపుతారు?” అంది నాతో.

క్యాసెట్ రోజు చెప్పిన మాట అప్పుడు బుర్రకెక్కింది. తాయెత్తు ముడి రాకపోతే పంటితో లాగి విప్పాను.

తర్వాతి శుక్రవారం నన్ను దిబ్బ కింద నిలబెట్టింది. పైన పిల్ల, తల్లి చెయ్యి వదలకుండా చాలాసేపు నిలబడింది. చివరికి “యల్లా, పద” అని మామా గొంతు వినిపించింది. పిల్ల జారింది. సగం దూరం తిన్నగానే వచ్చి, రాళ్ళ వైపు తిరిగింది. నేను అటు కదిలేలోపే, రాళ్ళు రెండు బారల దూరంలో ఉండగా పిల్ల దబ్బున ఇసుకలో చతికిలబడి ఆగిపోయింది.

పరిగెత్తి ఎత్తుకున్నాను. దాని గుండె నా గుండెకి కొట్టుకుంటోంది.

“భయమేసింది. అందుకే కూర్చుండిపోయాను,” అంది.

తల్లి కుంటుకుంటూ దిగి వస్తోంది. ఆవిడ వచ్చేదాకా ఉండలేక కిందినుంచే అరిచాను, “బయపడింది మామా, పిల్ల బయపడింది.”